బాలు పేరు కొడితే ఏం వస్తుంది? ఆరేళ్లు పాటల యాప్‌లు వాడాక

చెన్నైలో వేళచ్చేరి నుంచి షోలింగనల్లూరు ఆఫీసుకి కంపెనీ బస్సులో పొద్దున గంట, సాయంత్రం గంటంపావు. ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద బండి కదలదు కాబట్టి పాటలే దిక్కు. 2019లో స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ నెల తిరక్కుండానే ఒకదాని వెనక ఒకటి మన దేశానికి వచ్చాయి. అప్పటి నుంచి మొత్తం నాలుగు యాప్‌లు మార్చి మార్చి వాడాను. ధర, సౌండు సంగతి ఇక్కడ రాయను, నా చెవికి పెద్ద తేడా తెలియలేదు. నేను చూసేది ఒక్కటే: ఒక ఆర్టిస్టు పేరు కొట్టి రేడియో (ఆ పేరుకి తగ్గ పాటల్ని యాపే వరసగా వేసే బటన్) నొక్కితే, ఆ తర్వాత వచ్చే పది పాటలు ఎలా ఉన్నాయి?

పరీక్షకి బాలుగారినే పెట్టాను. ఒక యాప్‌లో ఆయన రేడియో పెడితే పదిలో ఏడు తమిళ పాటలు. భాష తెలుగు అని సెట్టింగుల్లో చెప్పినా లెక్కచేయలేదు. తప్పు పూర్తిగా యాప్‌దీ కాదులెండి. ఈ సిఫారసుల్లో పెద్ద భాగం ‘మీరు విన్న పాట విన్నవాళ్లు ఇంకేం విన్నారు’ అన్న లెక్క మీదే నడుస్తుంది. తమిళంలో ఆయన్ని వినేవాళ్లూ తక్కువేం కాదు. కానీ ఒకప్పుడు తెలుగు పాటలు రికార్డయిందే ఈ వడపళని, కోడంబాక్కం స్టూడియోల్లో. అదే ఊళ్లో కూర్చుని తెలుగు పాట కోసం యాప్‌ని బతిమాలుకోవడం కాస్త ఒళ్లు మండే విషయమే.

అసలు చిక్కు ‘ఆర్టిస్ట్’ అనే మాటలో ఉంది. మన సినిమా పాటకి ముగ్గురు కావాలి: రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు. బాలు గొంతు పట్టుకుని వెళ్తే 1966 నుంచి యాభై ఏళ్లకు పైబడిన పాటలన్నీ ఒకే గంపలో పడతాయి. కోదండపాణి పాట అయిపోగానే కీరవాణి పాట వస్తుంది. రెండూ నాకిష్టమే, కానీ ఒకదాని వెనక ఒకటి కాదు. అదే ఇళయరాజా పేరుతో మొదలుపెడితే గంటసేపు మూడ్ చెడలేదు. అందుకే ఇప్పుడు గాయకుల పేర్లు కొట్టడం మానేసి సంగీత దర్శకుల పేర్లే కొడుతున్నాను. దానిలోనూ ఒక తిరకాసు. ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక్కొక్కరు ఒక్కోలా ఎక్కించడంతో ఒకే మనిషికి రెండు పేజీలు కనిపిస్తాయి. తక్కువ పాటలున్న పేజీ నుంచి మొదలుపెట్టామా, నాలుగో పాటకే దారి తప్పుతుంది.

పాట రాసినవాళ్ల గతి మరీ అన్యాయం. వేటూరి పేరో సిరివెన్నెల పేరో కొడితే పాటలు దొరుకుతాయి. ఒకటి పెట్టి వదిలేస్తే మాత్రం తర్వాతిది ఆ కవి పాట కాదు, ఆ గాయకుడి పాట. నేను వాడిన నాలుగింటిలోనూ ఇదే కథ.

మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. యూట్యూబ్ మ్యూజిక్‌లో మనమే కొందరు ఆర్టిస్టులను ఎంచుకుని రేడియో తయారుచేసుకోవచ్చు. రాజన్-నాగేంద్ర, రమేశ్ నాయుడు, సత్యం, ఈ మూడు పేర్లు ఇస్తే నాకు ఒక వారం బస్సు ప్రయాణం తెలియలేదు. స్పాటిఫైలో ప్రైవేట్ సెషన్ అని ఉంది, అది పెట్టుకుని విన్నవి మన సిఫారసుల లెక్కలో కలవకపోవచ్చు. ఇంట్లో ఫోన్ చేతులు మారేవాళ్లకి అది చాలా అవసరం. నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు పొద్దున్నే మా అత్తయ్యగారు “బాబూ, ఆ ఘంటసాల గీత కాస్త పెట్టు” అన్నారు. పెట్టాను. మర్నాటి నుంచి మూడు వారాలు ఆఫీసు బస్సులో నాకు శ్లోకాలు, సుప్రభాతాలు, హారతులు.

చివరికి ఫ్యామిలీ ప్లాన్ తీసుకుని ఆవిడకి విడిగా అకౌంట్ పెట్టాను. ఆవిడ వినేది ఘంటసాల, సుశీల, అంతే. మధ్యలో ఇంకేదీ కదిలించరు. దాంతో ఆవిడకొచ్చే సిఫారసులు ఎంత బాగుంటున్నాయంటే, ఆదివారం సాయంత్రం “అత్తయ్యా, ఒకసారి మీ ఫోన్ ఇస్తారా” అని నేనే అడుగుతున్నాను.