బర్త్ సర్టిఫికెట్ ఏజెంటు దగ్గర కొనేముందు ఇది చదవండి

"మీరు మున్సిపల్ ఆఫీసుకి రానక్కర్లేదు, వాట్సాప్‌లో వివరాలు పెట్టండి, మూడు రోజుల్లో చేతికిస్తాం" అని ఎవరైనా అంటే దయచేసి డబ్బు పంపకండి. అమెరికా గ్రీన్‌కార్డు ఫైలింగ్ నెత్తిమీదికి వచ్చిన మనవాళ్లు, పిల్లల పాస్‌పోర్టు కోసం హడావిడి పడే తల్లిదండ్రులు ఇలా వేలకు వేలు పోసి కాగితం కొంటున్నారు. ఆ కాగితం చెల్లదని ఎక్కడో ఓ కౌంటర్ దగ్గర తేలిపోతోంది.

బర్త్ సర్టిఫికెట్ అంటే మున్సిపాలిటీ జనన రిజిస్టర్‌లో ఉన్న ఎంట్రీకి నకలు. ఎంట్రీ లేకపోతే, ఉన్నా సరైన పద్ధతిలో ఎక్కకపోతే, ఎంత మంచి ముద్ర ఉన్నా అది నిలవదు. 2023లో హైదరాబాద్‌లో ఇదే జరిగింది. సరైన పత్రాలు లేకుండా, ఆర్డీవో (రెవెన్యూ డివిజన్ అధికారి) ఉత్తర్వు లేకుండా మీసేవ ద్వారా జారీ అయిన జనన, మరణ ధ్రువపత్రాలను అక్కడి నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ వేల సంఖ్యలో రద్దు చేసింది. అవి కంప్యూటర్‌లోంచి వచ్చిన సర్టిఫికెట్లే. అయినా రద్దయ్యాయి.

ఏజెంట్లు చేసే మోసాల్లో అన్నిటికంటే తేలిగ్గా పట్టుకోగలిగింది నకిలీ వెబ్‌సైటు. సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే ప్రభుత్వ సైటులాంటి పేజీ తెరుచుకుంటుంది, అందులో మీ పేరు కూడా కనిపిస్తుంది. పేజీని నమ్మకండి, పైన అడ్రస్ బార్ చూడండి. https:// తర్వాత వచ్చే మొదటి స్లాష్ (/) గుర్తుకి సరిగ్గా ముందు '.gov.in' (డాట్ జీవోవీ డాట్ ఇన్) అని ముగియాలి. జీవోవీ అన్న మాట మధ్యలో ఎక్కడో ఉండి చివర డాట్ కామో, డాట్ ఆర్గో, ఇంకేదో ఉంటే అది దొంగ సైటు.

రెండో మోసం దీనికంటే ప్రమాదం, ఎందుకంటే దొరకడానికి ఏళ్లు పడుతుంది. ఎంట్రీ ఉందో లేదో సరిగ్గా వెతక్కుండానే "మీ పేరు లేదండీ" అని చెప్పి కొత్త ఎంట్రీ వేయించేస్తారు. చాలామందికి పాత ఎంట్రీ నిజంగానే ఉంటుంది, కానీ పేరు లేకుండా ఉంటుంది. ఆసుపత్రి వాళ్లు పుట్టినప్పుడు పంపే రిపోర్టులో తేదీ, ఆడో మగో, తల్లి పేరు, తండ్రి పేరు ఉంటాయి. బారసాల అయ్యాక పేరు ఎక్కించుకోవాల్సింది మనమే, అది మర్చిపోతాం. ఏడాదిలోపు పేరు ఉచితంగా ఎక్కిస్తారు, ఆ తర్వాత నమోదైన తేదీ నుంచి 15 ఏళ్ల దాకా లేట్ ఫీజుతో ఎక్కిస్తారు. అలాంటి ఎంట్రీ ఉండగా ఏజెంటు ఇంకోటి పుట్టిస్తే ఒకే మనిషికి రెండు జననాలు, రెండు రిజిస్ట్రేషన్ నంబర్లు. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లోనో, వీసా ఆఫీసరు ముందో జవాబు చెప్పాల్సింది మీరే. దరఖాస్తు మీద సంతకం మీదే, ఏజెంటుది ఎక్కడా ఉండదు.

కాబట్టి ముందు వెతుకులాట గట్టిగా చేయండి. జననం నమోదయ్యేది పుట్టిన చోట. అమ్మానాన్నలు కాపురమున్న ఊళ్లో కాదు. మొదటి కాన్పు పుట్టింట్లో చేసే ఆనవాయితీ వల్ల సగం గందరగోళం ఇక్కడే. నాన్నగారి ఊళ్లో వెతికి లేదనుకుంటారు, రిజిస్టర్ మాత్రం అమ్మమ్మగారి ఊరి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఉంటుంది. మీ పేరుతో దొరక్కపోతే తల్లి పేరుతో వెతికించండి, ఆమె పుట్టింటి ఇంటిపేరుతోనూ చూడమనండి. తేదీకి రెండు మూడు రోజులు అటూ ఇటూ చూడమనండి. ఇంగ్లిష్ స్పెల్లింగులు నాలుగైదు రకాలుగా రాసి తీసుకెళ్లండి. లక్ష్మి అన్న ఒక్క పేరే కంప్యూటర్‌లో ఎన్ని రకాలుగా ఎక్కిందో లెక్కలేదు.

హైదరాబాద్‌లో పుట్టినవాళ్లకి ఇంకో చిక్కు. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు పాత హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌తో కలిసి జీహెచ్ఎంసీ అయింది. కూకట్‌పల్లిలోనో మల్కాజిగిరిలోనో అంతకుముందు పుట్టినవాళ్ల ఎంట్రీలు అప్పటి స్థానిక మున్సిపాలిటీ రిజిస్టర్లలోవి. అందుకే ఆసుపత్రి అప్పుడు ఎవరి పరిధిలో ఉండేదో తెలుసుకుని ఆ పాత రిజిస్టర్లే అడగండి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలో పుట్టినవాళ్ల రికార్డు కంటోన్మెంట్ బోర్డు దగ్గర ఉంటుంది. ఆన్‌లైన్‌లో కనిపించనంత మాత్రాన లేదని కాదు. పాతవి కంప్యూటర్‌లో ఎక్కకుండా పుస్తకాల్లోనే మిగిలి ఉండొచ్చు. రిజిస్టర్‌లో వెతికించి నకలు తీసుకునే హక్కు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ఇస్తుంది. దరఖాస్తులో ఆ సెక్షన్ రాయండి, రసీదు తీసుకోండి.

అంతా వెతికినా లేదని తేలితే అదే మాట కాగితం మీద తీసుకోండి. దాన్ని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు, నమూనా 10 (ఫారం 10)లో ఇస్తారు. పుట్టి ఏడాది దాటినవాళ్లకి కొత్తగా ఎంట్రీ వేయించుకోవడానికి ఇక ఒకటే దారి: ఆ కాగితం, అఫిడవిట్, ఆసుపత్రి రికార్డో టెన్త్ మెమోనో జతచేసి ఆర్డీవోకి అర్జీ పెట్టాలి. అర్జీ తహసీల్దార్ విచారణకి వెళ్తుంది, రిపోర్టు వస్తుంది, అప్పుడు ఆర్డీవో ఉత్తర్వు ఇస్తారు. ఆ ఉత్తర్వు చూసి రిజిస్ట్రార్ ఎంట్రీ వేస్తారు. మూడు రోజుల్లో అయ్యే పని కాదిది. ఎవరైనా మూడు రోజులంటే ఈ మెట్లలో ఒకటి దొంగతనంగా దాటేస్తున్నారని అర్థం. ఉత్తర్వు కాపీ చూపించమని అడిగితే అక్కడే బయటపడుతుంది.

అమెరికా ఫైలింగ్ వాళ్లు ఒక విషయం గమనించండి. సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీతోపాటు 'నమోదైన తేదీ' అనే వరస ఉంటుంది. 1985లో పుట్టి 2025లో నమోదైందని కనిపిస్తే ఆఫీసర్లు స్కూలు రికార్డులు, బంధువుల అఫిడవిట్లు కూడా అడగొచ్చు. అసలు నమోదే లేనివాళ్లకి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, దానికి తోడు పుట్టుక గురించి స్వయంగా తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లు పెట్టే పద్ధతి అక్కడ ఉంది. నిజంగా లేదన్న కాగితం చూపించి నెగ్గే అవకాశం ఉండగా, లేని ఎంట్రీని కొనుక్కుని చిక్కుల్లో పడటం ఎందుకు?

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకైతే అసలు నిర్లక్ష్యం చేయకండి. పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ రుజువుగా వాళ్లకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది. 21 రోజుల్లోపు నమోదు ఉచితం. ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యే రోజే, రిపోర్టులో అమ్మానాన్నల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. తర్వాత తప్పు దిద్దించుకోవాలంటే పాత ఎంట్రీని చెరపరు, పక్కన మార్జిన్‌లో సవరణ రాసి సంతకం పెడతారు.

మీసేవలో దరఖాస్తు చేసేటప్పుడు ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. ఏజెంటు తన నంబరు ఎక్కిస్తే ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ ఆయనకే పోతాయి. మీ పేరుతో ఏం అప్‌లోడ్ అయిందో మీకు తెలియదు.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఆ సర్టిఫికెట్‌ని పాస్‌పోర్టుకీ వీసాకీ పెట్టకుండా ఆపండి. దాని మీదున్న రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ పట్టుకుని జారీ చేసిన ఆఫీసుకి వెళ్లి, రిజిస్టర్‌లో ఉందా, ఏ ఉత్తర్వు ఆధారంగా ఎక్కిందీ రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. రెండు ఎంట్రీలు ఉన్నాయని తేలితే, అక్రమంగా వేసినదాన్ని అదే జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద రద్దు చేయమని రిజిస్ట్రార్‌కి అర్జీ పెట్టండి. రద్దు చేసిన కాగితం నకలు తీసుకుని అసలు సర్టిఫికెట్‌తో కలిపి దాచండి, తర్వాత ఎవరైనా రెండో నంబరు గురించి అడిగితే చూపించాల్సింది అదే.