ఒక పాత ఇంగ్లీషు క్రియ పట్టుకుని ఓఈడీని పరీక్షిస్తే

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీకి, అదే ఓఈడీకి, ఆన్‌లైన్ చందా కట్టడం దండగా కాదా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తా. షేక్‌స్పియర్‌నో కింగ్ జేమ్స్ బైబిల్‌నో పనిగట్టుకుని చదివేవాళ్లయితే కట్టండి, లేదంటే ఫ్రీగా దొరికేవాటితో పని జరిగిపోతుంది. డిక్షనరీని ఊరికే అటూ ఇటూ తిరగేస్తే దాని సత్తా తెలీదు, అందుకే ఒక్క మాట పట్టుకున్నాను: 'విట్'. చమత్కారం, తెలివి అనే అర్థంలో ఆ మాట అందరికీ తెలుసు. నేను వెతికింది 'తెలుసు' అనే అర్థంలో ఒకప్పుడు నడిచిన క్రియ.

పాత ఇంగ్లీషులో అది 'విటన్'. 'నాకు తెలుసు' అనాలంటే 'ఐ వొట్', భూతకాలంలో 'విస్ట్'. 1611 నాటి ఆ కింగ్ జేమ్స్ బైబిల్లో, లూకా సువార్తలో, పన్నెండేళ్ల యేసు తనను వెతుక్కుంటూ వచ్చిన తల్లిదండ్రులతో 'విస్ట్ యీ నాట్' అంటాడు. మన తెలుగు బైబిల్లో అక్కడ 'మీరెరుగరా' అని ఉంటుంది, చక్కగా అతికింది. మామూలు డిక్షనరీ ఇలాంటి మాటకి 'పాతబడిన పదం' అని ఒక ముక్క రాసి వదిలేస్తుంది. ఓఈడీ అలా కాదు, అన్నిటికంటే పాత అర్థం ముందు పెట్టి, ప్రతి అర్థం కింద అది వాడిన వాక్యాల్ని ఏళ్లతో సహా వరసగా ఇస్తుంది, వాడుకలోంచి పోయిన అర్థం పక్కన చిన్న బాకు గుర్తు వేస్తుంది. ఆ తేదీలు చదువుకుంటూ కిందికి వస్తుంటే ఒక క్రియ నీరసించిపోవడం కళ్లముందే కనబడుతుంది. చివరికి మిగిలినవి తునకలే: లీగల్ కాగితాల్లో 'అనగా' అని చెప్పే 'టు విట్', తెలియకుండా చేశాడనే 'అన్‌విటింగ్లీ', ఇంకా 'విట్నెస్'.

అసలు మజా వ్యుత్పత్తిలో ఉంది. ఈ 'వొట్', సంస్కృతంలో 'అతనికి తెలుసు' అనే 'వేద' రెండూ ఒకే పాత రూపం నుంచి వచ్చాయి. మూల ధాతువుకి అర్థం 'చూడు'. చూసేశాడు కాబట్టి ఇప్పుడు తెలుసు, అదీ లెక్క. విద్య, వేదం, లాటిన్ దారిన వచ్చిన వీడియో, అన్నీ ఆ కుదురువే. రూపం భూతకాలానిది, అర్థం వర్తమానానిది కాబట్టే 'గాడ్ వొట్' అంటారు, చివర 'స్' చేరదు. 'హీ క్యాన్స్', 'హీ షాల్స్' అని ఎందుకు అనకూడదో మా గ్రామర్ పుస్తకాలు ఏనాడూ చెప్పలేదు. క్యాన్, షల్, మే కూడా ఇదే బాపతు క్రియలు.

ఈ ధాతువు సంగతి వరకు డగ్లస్ హార్పర్ నడిపే, ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే ఎటిమాన్‌లైన్‌ వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. చిన్నగా, హాయిగా ఉంటుంది, కానీ ఓఈడీలోలాగా ఏళ్లవారీ వాక్యాల వరస ఆశించకండి. వాక్యాలు కావాలంటే మిషిగన్ యూనివర్సిటీ వాళ్ల మిడిల్ ఇంగ్లీష్ డిక్షనరీ ఉంది, అదీ ఫ్రీ, పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ కాలానికి దానికి తిరుగులేదు. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే బాస్‌వర్త్-టాలర్ అనే పాత ఇంగ్లీషు డిక్షనరీ. కాకపోతే ఈ రెండిట్లో 'విట్' అని కాకుండా ఆ కాలపు రూపాలతోనే వెతకాలి, కొత్తవాళ్లకి కాస్త చిరాకే. పైగా 1500 తర్వాతి సంగతి ఈ రెండిట్లోనూ దొరకదు. చందా అవసరం పడేది సరిగ్గా అక్కడే.

అన్నట్టు, 1884లో మొదలైన ఓఈడీ మొదటి ముద్రణ 1928లో పూర్తయినప్పుడు, ఆఖరున వచ్చిన భాగంలోనే ఈ మాట ఉంది. ఎడిటర్ జేమ్స్ మరే 1915లోనే పోయాడు, పాపం ఇక్కడిదాకా చూడలేదు.

నా మార్కులు ఐదుకి నాలుగు. వ్యుత్పత్తి భాగం భాషాశాస్త్రం చదివినవాళ్ల కోసమే రాసినట్టు గట్టిగా ఉంటుంది, అందుకు ఒకటి కోశాను. కార్డు తీసేముందు మీ యూనివర్సిటీ లైబ్రరీకి చందా ఉందేమో కనుక్కోండి. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకైతే చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీ కార్డు నంబరుతోనే లాగిన్ అవుతుంది.