కాపీ కొట్టాలా, ప్యాకేజీ కట్టాలా? పీహెచ్‌పీ సైట్లకు ఏది మేలు?

ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టుకు, పీహెచ్‌పీ భాషలో సైట్లు కట్టే చట్రమైన లారావెల్‌లో సైటు చేశాక, దాన్నే కాపీ చేసి కడియపులంకలో ఒక నర్సరీకి ఇచ్చాను. తర్వాత అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారికి, భీమవరంలో రొయ్యల మేత డీలరుకు. రంగులు మారాయి, లోగో మారింది, లోపల కోడు మాత్రం ఒకటే. నాలుగో సైటు రెండు రోజుల్లో లేచింది. నాకంటే తెలివైనవాడు రావులపాలెంలో లేడనుకున్నాను.

సంక్రాంతి ముందు పూతరేకుల ఆయన ఫోన్ చేశాడు. "ఏవండీ, మా మేనకోడలి నంబరు కొడితే తప్పు నంబరంటోందండి మీ సైటు." చూస్తే, మొబైల్ నంబరు 9, 8, 7తోనే మొదలవ్వాలని ఎప్పుడో రాసిన తనిఖీ. ఇప్పుడు 6తో మొదలయ్యేవీ ఉన్నాయి. ఒక్క అంకె కలిపితే సరి. అక్కడ కలిపాను, నర్సరీలో కలిపాను, మిగతా రెండూ మర్చిపోయాను. మేత డీలరుకు ఎన్ని ఆర్డర్లు పోయాయో చెప్పలేను. పడని ఆర్డరుకు రికార్డెక్కడుంటుంది?

ఆ రాత్రే కంపోజర్ ప్యాకేజీల వైపు తిరిగాను. కోడు ముక్కను విడిగా ప్యాకేజీ కట్టి ఉంచితే, కంపోజర్ దాన్ని కావాల్సిన సైట్లలోకి తెచ్చిపెడుతుంది. కంపోజర్ 2012 నుంచీ ఉంది, నేనే ఇతరుల లైబ్రరీలు తెచ్చుకోవడానికి తప్ప నా కోడుకు వాడలేదు. తనిఖీని విడిగా ఒక గిట్ రిపోలో (కోడునూ దాని మార్పులనూ దాచే చోట) పెట్టి, దాన్ని లారావెల్‌కు పరిచయం చేసే సర్వీస్ ప్రొవైడర్ రాసి, 1.0.0 అని వెర్షన్ ట్యాగు వేశాను. ప్యాకేజిస్ట్‌లో (ప్యాకేజీల బహిరంగ జాబితాలో) అందరి ముందూ పెట్టక్కర్లేదు, సైటుకు ఏ ప్యాకేజీలు కావాలో రాసే కంపోజర్.జేసన్‌లో రిపో చిరునామా ఇస్తే చాలు. లారావెల్ 5.5 నుంచి ప్రొవైడర్‌ను తనే గుర్తుపడుతుంది.

అయితే తప్పు దిద్ది 1.0.1 వేసినంత మాత్రాన అది సైట్లకు చేరిపోదు. ప్రతి సైటులోని కంపోజర్.లాక్ ఫైలు పాత వెర్షను దగ్గరే పట్టి ఉంచుతుంది. మన లొల్ల కాలువ లాకుల్లాగే అనుకోండి: ధవళేశ్వరంలో నీళ్లు వదిలినా లాకు తలుపు లేపాలి కదా. ఒక్కో సైటులో అప్‌డేట్ కొట్టి, చూసుకుని, ఎక్కించాలి. మొదట చాకిరీ అనిపించింది. పండగ రద్దీలో పూతరేకుల సైటును కదపకుండా, కొత్త వెర్షన్ను ముందు కొబ్బరి సైటులో పరీక్షించుకున్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మధ్యేమార్గం ఒకటుంది. 2020లో వచ్చిన కోడిగ్నైటర్ 4 అనే మరో పీహెచ్‌పీ చట్రంలో, కోడుకు ఇంటిపేరు లాంటి నేమ్‌స్పేస్‌ను ఆటోలోడ్ కాన్ఫిగ్‌లో రాస్తే మాడ్యూల్ ఫోల్డరు ఎక్కడున్నా అందుకుంటుంది. ఒకే సర్వరులోని నాలుగు సైట్లూ ఒకే ఫోల్డరును వాడుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ (సర్వరులో మనమే ఆదేశాలు నడిపే దారి) ఇవ్వని చవక హోస్టింగులో ఇది సుఖం. అక్కడ కంపోజర్ నడవక, ప్యాకేజీలుండే వెండర్ ఫోల్డరును జిప్ చేసి ఎక్కించుకోవాల్సి వస్తుంది. కాకపోతే ఈ పద్ధతికి లాకు లేదు. దిద్దిన క్షణంలో నాలుగింటికీ పారుతుంది, మంచినీళ్లయినా బురదైనా.

ధరలూ ఫోటోలూ మేమే మార్చుకుంటాం అనే కొట్టువాళ్లకు మాత్రం వర్డ్‌ప్రెస్‌లో వూకామర్స్ అనే దుకాణం ప్లగిన్ పెట్టేయడమే మేలు. ప్రోగ్రామరుకు ఈ మాట ఒప్పుకోవడానికి నోరు రాదు గానీ.

నా ఓటు లారావెల్, కంపోజర్ ప్యాకేజీకే. కానీ దేన్ని ప్యాకేజీ చేయాలన్న దగ్గర చేతులు కాల్చుకున్నాను. ఫోన్, పిన్‌కోడ్ తనిఖీ, చెల్లింపు, ఎస్ఎంఎస్, ఫోటో సైజు తగ్గించడం: ఈ నాలుగూ ఏ కొట్టుకైనా ఒకటే, బయటికి తీశాక మళ్లీ వాటి జోలికి పోలేదు. ఆ ఊపులో సరుకుల జాబితాను కూడా ప్యాకేజీ చేశాను. పూతరేకులకు పెట్టెలో ఎన్ని, నెయ్యిదా, బెల్లందా అనేవి కావాలి. మొక్కకు ఎత్తు, కుండీ సైజు. మేతకు గుళిక సైజు, బస్తా బరువు. అన్నిటికీ సరిపడాలని సెట్టింగులు పెంచుకుంటూ పోతే, కాన్ఫిగ్ ఫైలు అసలు కోడుకంటే పొడుగైంది. పైగా పేజీల రూపం మార్చడానికి వ్యూలను (ఆ రూపం రాసి ఉండే ఫైళ్లను) ప్రతి సైటులోకీ పబ్లిష్ చేయాల్సి వచ్చింది. పబ్లిష్ చేసిన వ్యూ ఆ సైటు సొంత కాపీ అయిపోతుంది, తర్వాత ప్యాకేజీలో ఏం దిద్దినా దానికి తగలదు. అంటే తిరిగి తిరిగి కాపీ దగ్గరికే వచ్చాను, మధ్యలో మూడు వారాలు ఖర్చు. ఆ ప్యాకేజీ తీసేసి జాబితా కోడును ఎవరి సైటులో వాళ్లకే ఉంచాను.

మొన్న కడియపులంక నుంచే ఇంకో నర్సరీ ఆయన వచ్చాడు. మొక్కల లోడుకు లారీ కిరాయి లెక్క సైటులోనే కనబడాలట. మొదటి నర్సరీకి రాసింది ఉంది. దాన్నే కాపీ కొట్టి ఇచ్చాను, ఫైలు పైన ఒక కామెంటు పెట్టి: "ఇది రెండోది. మూడో ఆయన వస్తే ప్యాకేజీ."