కప్పకి డాక్టర్ దొరికింది: కోరమంగళ వైపు ఎగ్జాటిక్ పెట్ క్లినిక్ రివ్యూ

4/5

బెంగళూరులో కుక్కలకీ పిల్లులకీ వీధికో క్లినిక్ ఉంది. కప్పని తీసుకెళ్తే మాత్రం "మేం చూడమండి" అనేవాళ్లే ఎక్కువ. ఒకచోటైతే డబ్బా మూత కూడా తీయకుండా యాంటీబయాటిక్ రాయబోయారు. అందుకే కప్పల్లాంటి అరుదైన పెంపుడు జీవాల్ని (ఎగ్జాటిక్ పెట్స్) కూడా చూసే ఈ క్లినిక్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది వైట్స్ ట్రీ ఫ్రాగ్. ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు జాతి, బాగా చూసుకుంటే 15 ఏళ్లు దాటి బతుకుతుంది. మా బుజ్జిగాడు డిసెంబర్ చలిలో తిండి తగ్గించాడు. ఇల్లు చల్లబడితే కప్పకి అరుగుదల కూడా మందగిస్తుంది కాబట్టి ముందు హీటింగ్ ప్యాడ్‌తో పగటి వేడిని 27 డిగ్రీల దగ్గర ఉంచాం. అయినా తినలేదు, పైగా తొడలు సన్నబడ్డాయి. అప్పుడు నిజంగా భయమేసింది.

ఇక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది: "పురుగు మీదకి దూకుతోందా, అసలు చూడట్లేదా?" రాత్రి తీసిన వీడియో చూపించాను. క్రికెట్ (మేతగా వేసే కీచురాయి పురుగు) మీదకి దూకుతున్నాడు, నాలుక తగులుతోంది, పురుగు జారిపోతోంది. అంటే వాడికి ఆకలి ఉంది, పట్టుకోవడమే చేతకావట్లేదు. ఈ తేడా అంతకుముందు ఎవరూ అడగలేదు.

తడిపిన గ్లౌజులతో పట్టుకుని (కప్ప చర్మం నీటినీ మందులనీ పీల్చేస్తుంది, పౌడర్ పూసిన గ్లౌజులు పనికిరావు), గ్రాముల తక్కెడలో తూచి, మెత్తటి ప్లాస్టిక్ ముక్కతో నోరు తెరిచి చూశారు. మలం మైక్రోస్కోప్ కింద పెట్టారు, కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ ఫంగస్ పరీక్షకి దూది పుల్లతో చర్మం మీద స్వాబ్ తీశారు. తర్వాత మేం వాడే విటమిన్ పొడి లేబుల్ అడిగి చదివారు. అందులో బీటా కెరోటిన్ మాత్రమే ఉంది. దాన్ని విటమిన్ ఎ గా మార్చుకోవడం చాలా కప్పలకి సరిగా చేతకాదట. విటమిన్ ఎ తగ్గితే నాలుక మీద జిగురు తయారుచేసే గ్రంథులు దెబ్బతింటాయి, జిగురు లేకపోతే పురుగు అంటుకోదు. క్రికెట్లలో ఈ విటమిన్ ఎలాగూ తక్కువే, అందుకే లేబుల్ మీద రెటినాల్ (మార్చుకోనక్కర్లేని, నేరుగా దొరికే విటమిన్ ఎ) ఉందో లేదో చూసి కొనమన్నారు.

బరువు లెక్కగట్టి విటమిన్ ఎ చుక్కలు ఇచ్చారు. ఎక్కువైనా విషమే కాబట్టి దయచేసి ఎవరూ ఇంట్లో అంచనాగా వేయకండి. అక్కడి అసిస్టెంట్ అమ్మాయిది హిందూపురం, "అక్కా, బలవంతంగా నోట్లో కుక్కొద్దు, పట్టకారుతో పెదవి దగ్గర పెట్టండి, వాడే అందుకుంటాడు" అని తెలుగులో ఓపిగ్గా చేసి చూపించింది. క్లోరిన్ తీసిన నీళ్లే వాడుతున్నారా అని కూడా అడిగింది, కుళాయిలో వచ్చే కావేరి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, నేరుగా పోస్తే కప్పకి ప్రమాదం. ఇప్పుడు బుజ్జిగాడు పట్టకారు నుంచి బాగానే తింటున్నాడు, తొడలు మళ్లీ నిండుతున్నాయి. సొంతంగా వేటాడినప్పుడు ఇంకా అప్పుడప్పుడు గురి తప్పుతోంది, దానికి టైం పడుతుందని ముందే చెప్పారు.

వెళ్లేవాళ్లు గాలి రంధ్రాలున్న డబ్బాలో తడి టిష్యూ పరిచి తీసుకెళ్లండి, తాజా మలం, ట్యాంకు ఫోటోలు, విటమిన్ పొడి డబ్బా కూడా పట్టుకెళ్లండి. పొట్ట, తొడలు ఎర్రబడినా, ఒళ్లు ఉబ్బినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఫోన్ చేసి బయల్దేరండి.

ఫీజు మామూలు క్లినిక్‌ల కంటే ఎక్కువే, స్వాబ్ బయటి ల్యాబ్‌కి వెళ్తుంది కాబట్టి దానికి విడిగా కట్టాలి. చూసే తీరుకి నాకది ఎక్కువనిపించలేదు. ఒక స్టార్ తగ్గించింది వెయిటింగ్ హాల్ గురించి: కుక్కలు మొరుగుతున్నచోటే కప్పని ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, అసలే నీరసంగా ఉన్న జీవి ఇంకా బెదిరిపోతుంది. చిన్న జీవాలకి విడిగా ఒక గది ఇవ్వమని వాళ్లకీ చెప్పాను, ఇస్తే ఐదో స్టార్ కూడా పెడతాను.