లైసెన్సు తుపాకి: వెంట తీసుకెళ్లాలా, డిపాజిట్ చేయాలా?

పిల్లల దగ్గరికి అమెరికా బయలుదేరే నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్దల్లో లైసెన్సు తుపాకి ఉన్నవారికి ఈ సందేహం సహజం.

వెంట తీసుకెళ్లడం: 1959 ఆయుధాల చట్టంలోని 10వ సెక్షన్, చట్టబద్ధంగా ఆయుధం ఉన్నవారు దాన్ని సొంత వాడకానికి పరిమితంగా దేశం దాటించడానికి వీలు కల్పిస్తుంది, చిక్కంతా అవతలి దేశంతోనే. సందర్శక వీసాపై వచ్చినవారు తుపాకి ఉంచుకోవడాన్ని అమెరికా చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉన్నా, ముందుగా దిగుమతి అనుమతి తీసుకోవాలి. విమానయాన సంస్థ ఒప్పుకోవడం మరో మెట్టు.

డిపాజిట్ చేయడం: పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరో అప్పగించి, రసీదుపై తుపాకి నంబరు, తూటాల లెక్క సరిచూసుకోవాలి. డీలరు రుసుము తీసుకున్నా శ్రమ తక్కువ. లైసెన్సు గడువు మాత్రం చూసుకోవాలి.

ఏ దారి పట్టినా బ్యాగు అరలన్నీ దులపాలి. మరిచిన ఒక్క తూటా శంషాబాద్ తనిఖీలో బయటపడితే ప్రయాణం అక్కడే ఆగవచ్చు.

షూటింగ్ పోటీలకు, అనుమతి ఉన్న వేటకు వెళ్లేవారికి మొదటిది సరే. మనవళ్లను చూడబోయేవారికి రెండోదే తగినది.