క్లింగాన్ డిక్షనరీ: ఏళ్ల తరబడి వాడాక

క్లింగాన్ అంటే 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష కథల సినిమాల్లో క్లింగాన్లనే గ్రహాంతరవాసుల కోసం భాషావేత్త మార్క్ ఓక్రాండ్ కల్పించిన భాష. ఆయనే రాసిన 'ది క్లింగాన్ డిక్షనరీ' పేరుకే నిఘంటువు. నా కాపీలో బాగా నలిగింది పదాల జాబితా కాదు, ముందున్న వ్యాకరణం. అందులోనూ ఉపసర్గల పట్టిక. మనం 'చూస్తాను' అంటే కర్త ఎవరో తెలుస్తుంది, అంతే. క్లింగాన్ క్రియ ముందు 'కా' తగిలిస్తే 'నేను' తోపాటు 'నిన్ను' కూడా అందులోనే వచ్చేస్తుంది. ఆ పట్టిక నోటికి రానిదే ముందుకెళ్లి లాభం లేదు.

విశాఖలో మేం కొంతమందిమి ఆదివారం సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర కూర్చుని ఈ వ్యాకరణం మీదే వాదించుకుంటాం. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది: తెలుగువాళ్లు దీన్ని తెలుగులోనే ఆలోచించి నేర్చుకోవాలి. 'అతను డాక్టరు' అనడానికి మనకు క్రియ అక్కర్లేదు, క్లింగాన్‌కూ అక్కర్లేదు. అక్కడ సర్వనామమే చివరికొచ్చి ఆ పని చేస్తుంది. కర్మ, క్రియ, కర్త అనే వరస ఇంగ్లీషు చదువరికి తలకిందులుగా కనిపిస్తుందేమో గానీ, 'టీ తాగావా నువ్వు?' అని రోజూ అడిగే మనకు కొత్తేమీ కాదు. వాళ్ల డ, ష మన నోట్లో ఉన్నవే. గొంతు లోతుల్లోంచి రావాల్సిన రెండు రకాల 'క' దగ్గరే సాధన కావాలి.

అసలు చిక్కు విశేషణ వాక్యాల్లో ఉంది. క్రియకు 'బోఘ్' చేర్చి 'అధికారిని కొట్టిన పిల్లవాడు' అనొచ్చు. రెండు నామాలూ ఉన్నప్పుడు మాట పిల్లవాడి గురించా, అధికారి గురించా అన్నది తేలదు. ప్రధాన నామానికి 'ఎ' ప్రత్యయం చేర్చి తేల్చుకోవడం అభ్యాసకుల్లో స్థిరపడింది. మా వాదన అక్కడితో ఆగలేదు. "మరి 'నేను వచ్చిన బస్సు' ఎలాగ చెప్తాంరా?" అన్నాడొక మిత్రుడు. తెలుగులో 'వచ్చిన' పక్కన బస్సు, దారి, రోజు, పని ఏది పెట్టినా అర్థమైపోతుంది. 'బోఘ్' పుస్తకంలో కర్తకో కర్మకో మాత్రమే పనికొస్తుంది. చివరికి బస్సును కర్మ చేసి 'నేను వాడిన బస్సు' అని దాటాం. ఇలాంటి చోట్లే ఈ భాష మీద నాకు ప్రేమ పెరిగింది. ఓక్రాండ్ 1977లో కాలిఫోర్నియా మూలవాసుల ముట్సున్ భాష వ్యాకరణం మీద డాక్టరేట్ చేసిన మనిషి. ఆ చేయి ఇక్కడ తెలుస్తుంది.

బహువచనాలకు మూడు ప్రత్యయాలు: మాట్లాడగలవాళ్లకు ఒకటి, శరీర భాగాలకు ఒకటి, మిగతావాటికి ఒకటి. 'వచ్చారు', 'వచ్చాయి' తేడా తెలిసిన మనకు ఇది తేలిక.

లోపాలూ ఉన్నాయి. ఉదాహరణలు పొట్టి వాక్యాలు, పెద్ద పేరా రాయాలంటే దిక్కు తోచదు. 1992లో చేర్చిన అనుబంధం పుస్తకం చివర విడిగా ఉంది, ఒక్క పదం కోసం రెండు చోట్ల వెతకాలి. మన సముద్రపు గాలికి అట్ట వదిలి పేజీలు ఊడుతున్నాయి, నేను బైండింగ్ చేయించాను. రోజువారీ సాధనకు భాషలు నేర్పే యాప్ డ్యుయోలింగోలో 2018లో వచ్చిన క్లింగాన్ కోర్సు మంచి తోడు, కానీ నియమం ఎందుకలా ఉందన్న ప్రశ్నకు మళ్లీ ఈ పుస్తకమే తెరవాలి. పాత పుస్తకాల్లో దొరికితే ముద్రణ సంవత్సరం చూసి కొనండి. 1985 నాటి దాంట్లో అనుబంధం ఉండదు.