ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్: యూనివర్సిటీ ఆఫీసులో నాలుగేళ్ళు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, నాకు చూపు లేదు. చిన్నప్పుడు రేచీకటితో మొదలై డిగ్రీ అయ్యేసరికి మొత్తం పోయింది. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో స్టూడెంట్ హెల్ప్ సెక్షన్‌లో పనిచేస్తా. స్కాలర్‌షిప్ పడలేదని ఒకళ్ళు, హాస్టల్ రూమ్ మార్చమని ఒకళ్ళు, పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్ కావాలని ఒకళ్ళు, ఏమీ అడక్కుండా కూర్చుని ఏడ్చేవాళ్ళు ఇంకొందరు, అందరూ నా టేబుల్ దగ్గరికే. ఈ పనంతా నేను ఎన్‌వీడీఏ మీదే చేస్తా, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అని ఆయనకీ చూపు లేదు, 2006లో మొదలుపెట్టాడు. పూర్తిగా ఫ్రీ. డౌన్‌లోడ్ చేసేటప్పుడు డొనేషన్ అడుగుతుంది, ఇవ్వకపోయినా ఏమనదు.

గొంతు గురించి అబద్ధం చెప్పను. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది, తెలుగు కూడా చదువుతుంది గానీ మొదటి వారం తలనొప్పే. అలవాటయ్యాక మాత్రం దాన్ని వదల్లేం, ఎందుకంటే ఎంత స్పీడ్ పెంచినా మాట చెదరదు. నా స్పీడ్ విని ఒక పిల్లాడు "మేడం, ఇదేం భాష?" అన్నాడు, తెలుగే నాన్నా అంటే నమ్మలేదు. పేర్లతోనే గొడవ, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న మన పేర్లని విరిచి పోగులు పెడుతుంది, అందుకే స్పీచ్ డిక్షనరీలో రోజూ తగిలే పేర్లన్నీ ఎలా పలకాలో నేనే రాసి పెట్టుకున్నా.

ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి ఎదురుగా ఉన్న పిల్లకి. ఇది నేర్చుకోడానికే నాకు ఆరు నెలలు పట్టింది. ఒకసారి బ్లూటూత్ ఛార్జింగ్ అయిపోయి, ఒక అమ్మాయి తన ట్రీట్‌మెంట్ గురించి రాసుకున్న లెటర్‌ని ల్యాప్‌టాప్ స్పీకర్ గదంతా వినపడేలా చదివేసింది. లైన్‌లో నలుగురు నిలబడున్నారు. కంట్రోల్ నొక్కితే ఆగిపోతుంది, ఆ సంగతి నాకు తెలుసు, కానీ ఆ రెండు సెకన్లు వేళ్ళు కదల్లేదు. ఆ పిల్ల ఏమీ అనలేదు, లేచి వెళ్ళిపోయింది. తర్వాత ఫోన్ చేసి సారీ చెప్పా. ఆ రోజు నుంచి వైరు ఇయర్‌ఫోనే, సిస్టమ్ ఆన్ చేయగానే ముందు దాన్నే తడిమి చూసుకుంటా.

దీన్లో నాకు బాగా నచ్చింది స్క్రీన్ కర్టెన్. ఆన్ చేస్తే మానిటర్ నల్లగా అయిపోతుంది, నాకు మాత్రం మామూలుగానే చదువుతుంది. ఎదుటివాళ్ళ సదరం (వైకల్యం) సర్టిఫికెట్లు పక్కవాళ్ళ కంట పడవు. మా అటెండర్ అన్నయ్య మొదటిరోజు మానిటర్ కాలిపోయిందనుకుని కంప్యూటర్ సెక్షన్ వాళ్ళని లాక్కొచ్చాడు, వాళ్ళు వైర్లన్నీ పీకి చూస్తుంటే నేను లోపల టైప్ చేసుకుంటూనే ఉన్నా.

అసలు తిప్పలు సాఫ్ట్‌వేర్‌తో కాదు, మన జనం పంపే ఫైళ్ళతో. సర్క్యులర్ ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపిస్తారు, అది బొమ్మే కదా, అక్షరం లేదు. ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్ కీ) ఆర్ నొక్కితే ఓసీఆర్ చేస్తుంది, అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపడుతుంది, శుభ్రమైన ఇంగ్లీషుకి బానే పనిచేస్తుంది, మన తెలుగు సర్క్యులర్లకి మాత్రం నేను దాన్ని నమ్ముకోను. పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టిన తెలుగైతే ఇంకా ఘోరం, యూనికోడ్ కాదు కాబట్టి మంత్రాలు చదివినట్టు చదువుతుంది. స్క్రైబ్ తీసుకునేవాళ్ళకి గంటకి 20 నిమిషాలు, అంటే మూడు గంటల పరీక్షకి గంట ఎక్కువ ఇవ్వాలి కదా, ఆ రూలు ఉన్న కాగితమే నాకు స్కాన్‌లో వచ్చింది, పక్క సీటు అక్కతో చదివించుకున్నా. వికలాంగుల హక్కుల 2016 చట్టం గురించి మీటింగుల్లో మాట్లాడతారు, వర్డ్ ఫైల్ పంపమంటే "చూద్దాంలేమ్మా" అంటారు.

కొత్తగా వాడేవాళ్ళు పోర్టబుల్ కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. లైబ్రరీలో, ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేయడానికి పర్మిషన్ కోసం తిరగక్కర్లేదు, పెట్టి రన్ చేయడమే. నా దగ్గరికొచ్చే ఫస్టియర్ పిల్లలకి నేనే వేసిస్తుంటా. పోయిన నెల ఒకడు నా పెన్‌డ్రైవే పట్టుకుపోయాడు, ఇంకా తేలేదు, బాబూ ఇది చదివితే గురువారం లోపు తెచ్చియ్యి, అందులో నా డిక్షనరీ ఉంది.